చేసే కార్ఖానా, చూసే కార్ఖానా

పోయిన నెలంతా ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేస్తూ కూర్చున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో వస్తువులు ఎలా తయారయ్యేవో చెప్పే పుస్తకం. పని సాఫీగానే సాగింది, ఒక్క మాట దగ్గర తప్ప. ఆ మాట మాన్యుఫ్యాక్టరీ. ఇప్పుడు ఇంగ్లీషులో దాన్ని దాదాపు ఎవరూ వాడరు. నిఘంటువులు పాతబడిన మాట అని గుర్తు పెట్టి, 'ఫ్యాక్టరీ' అని ఒక్క ముక్కలో అర్థమిచ్చి వదిలేస్తాయి. నేనూ మొదటిసారి అది కనబడగానే 'కర్మాగారం' అని రాసేసి ముందుకు వెళ్ళిపోయాను. రెండు పేజీల తర్వాత 'మిల్లు' వచ్చింది, దానికీ కర్మాగారమే పెట్టాను. ఇంకో అధ్యాయంలో మన మచిలీపట్నం ప్రస్తావన, అక్కడ కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్ళ 'ఫ్యాక్టరీ' వచ్చాయి. అలవాటుగా 'కర్మా' దాకా టైపు చేసి ఆగిపోయాను.

ఆగడానికి కారణం ఉంది. అంతకు వారం ముందే మా అక్క కొడుకు తన ప్రాజెక్టు బొమ్మ తెచ్చి చూపించాడు. ఏడో తరగతి వాడు. '1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ స్థాపించారు' అన్న వాక్యానికి బొమ్మ వేయాలట. సముద్రం, మూడు తెరచాపల ఓడ, ఒడ్డున పెద్ద రేకుల షెడ్డు, షెడ్డు మీద రెండు పొగగొట్టాలు. పొగని స్కెచ్ పెన్ను అరిగిపోయేలా రుద్దాడు, కాగితం వెనక్కి కూడా దిగింది నలుపు. "బాగుందా మామా?" అన్నాడు. బాగుందన్నాను. "ఇందులో ఏం తయారు చేసేవాళ్ళురా?" అని అడిగితే కాసేపు ఆలోచించి, "బట్టలు కావచ్చు" అన్నాడు.

జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి పేటెంటు తీసుకున్నది 1769లో. అంటే మా వాడు బందరు ఒడ్డున పొగగొట్టాన్ని నూటయాభై ఎనిమిదేళ్ళ ముందే లేపాడు. తప్పు వాడిది కాదు. ఫ్యాక్టరీ అనగానే వాడికే కాదు, నాకూ మీకూ కళ్ళముందు కదిలేది ఆ షెడ్డే. కాకపోతే 1611లో ఆ మాటకి అర్థం వేరు, మాన్యుఫ్యాక్టరీ అర్థం ఇంకా వేరు. ఈ రెండింటినీ తెలుగులో ఒకే డబ్బాలో పడేస్తే చరిత్రలో ఒక ముఖ్యమైన సంగతి మాయమవుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. చేసినవాడు ఎవడు, చేసినదాన్ని లెక్కపెట్టుకున్నవాడు ఎవడు అన్న సంగతి అది. చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నానేమో అన్న అనుమానం నాకూ ఉంది, దాని దగ్గరికీ వస్తాను.

ఏమీ తయారుకాని ఫ్యాక్టరీ

లాటిన్‌లో 'ఫ్యాక్టర్' అంటే చేసేవాడు. యూరప్ వ్యాపారుల నోట అది ఒకరి తరఫున పని చక్కబెట్టేవాడు, అంటే మన ఏజెంటు, గుమాస్తా అయ్యింది. అతను దూరదేశంలో మకాం పెట్టి యజమాని తరఫున కొనుగోలు, అమ్మకం చూస్తాడు. అతను ఉండే చోటు ఫ్యాక్టరీ. పోర్చుగీసువాళ్ళు అలాంటి మకాముని ఫెయితోరియా అన్నారు. యాంట్‌వెర్ప్‌లో వాళ్ళకొకటి ఉండేది, కొచ్చిన్‌లో ఒకటి ఉండేది. చైనాలో కాంటన్ రేవు దగ్గర తెల్ల వ్యాపారులు ఉన్న పదమూడు భవనాలని 'పదమూడు ఫ్యాక్టరీలు' అనేవాళ్ళు. అక్కడి నుంచి ఓడలకెక్కింది టీ, పట్టు, పింగాణీ, వీటిలో ఏ ఒక్కటీ ఆ భవనాల్లో పుట్టలేదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాల నిచ్చెనలో కూడా ఈ మాట ఉంది: కింద రైటరు, ఆపైన ఫ్యాక్టరు, ఆపైన జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో సైతం ఫ్యాక్టరీకి అర్థం దూరదేశంలో వర్తకులు కాపురముండే ఇల్లు లేదా పేట అనే ఉంటుంది.

1611లో గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం రేవుకి వచ్చింది. కుంపిణీ తరఫున అందులో వచ్చినవాళ్ళలో ఫ్లోరిస్ అనే డచ్చి వర్తకుడు ఒకడు. డచ్చి కంపెనీ అయితే అంతకు కొన్నేళ్ళ ముందే ఈ తీరంలో దిగింది. ఆ తర్వాత నూరూ నూటయాభై ఏళ్ళలో మన తీరం పొడవునా ఇలాంటి మకాములు లేచాయి. నిజాంపట్నం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం, యానాం పక్కన ఇంజరం, విశాఖపట్నం, భీమునిపట్నం. సముద్రానికి ఎంతో దూరంలో, ఇప్పటి ఖమ్మం జిల్లాలో ఉన్న నాగులవంచలో కూడా డచ్చివాళ్ళకి ఒకటుండేది. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే ఆ ఊరి మీదుగా ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను.

వీటిలో ఏం జరిగేది? ఒక ఇల్లు, ప్రహరీ, గిడ్డంగి, లెక్కల పుస్తకాలు, కొలబద్ద. నమూనా గుడ్డ చూపించి వర్తకులకి బయానా ఇచ్చేవాళ్ళు, వాళ్ళు ఊళ్ళల్లో సాలెవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. మగ్గం సాలె ఇంట్లో, గుంటలో కాళ్ళు దిగేసి కూర్చునే మగ్గం. ఆసు పోయడం, పడుగు సరిచేయడం, కండెలు చుట్టడం అన్నీ ఇంటిల్లిపాదీ చేసేవాళ్ళు. నేసిన తాను తిరిగి మకాముకి చేరితే అక్కడ దాన్ని పరిచి, కొలిచి, నమూనాతో పోల్చి, మొదటిరకం, రెండోరకం అని విడదీసి, నచ్చనిదాన్ని తోసేసి, మిగిలింది మూటలు కట్టి ఓడకోసం ఉంచేవాళ్ళు. ఇదీ ఫ్యాక్టరీ. (మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఇంగ్లీషు 'గోడౌన్'కీ మన గిడ్డంగికీ చుట్టరికం ఉందని నిఘంటువులే రాస్తాయి. మలయ్ భాష నుంచి ఇక్కడికి వచ్చిందా ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళిందా అన్న తగువు మాత్రం తెగలేదు.)

తానులో ఒక్క పోగు కూడా పుట్టని ఇంటికి 'కర్మాగారం' అని పేరు పెడితే, నేసింది ఇంగ్లీషువాళ్ళ షెడ్డే అన్నట్టు పిల్లాడికి అర్థమైతే, అది ఉత్త పారిభాషిక పదాల గొడవ కాదు. సాలె ఇల్లు బొమ్మలోంచి చెరిగిపోయింది. మా వాడి బొమ్మలో ఓడకి మూడు తెరచాపలున్నాయి, మగ్గం లేదు.

మాధవాయపాలెం సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళ నోట ఆ పేరు మడపొల్లం అయ్యింది, అక్కడి నుంచి వెళ్ళిన తెల్ల నూలుగుడ్డకీ అదే పేరు పడింది. ఫ్రెంచి నిఘంటువులో మడపొలాం అని ఇప్పటికీ ఉంటుంది, పోర్చుగీసులో మడపొలావ్ అని ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి లాంకషైర్ మిల్లుల్లో మరమగ్గాల మీద నేసిన గుడ్డని అదే పేరుతో దేశదేశాలకీ అమ్మారు. గోదావరి గట్టున ఒక పాలెం పేరు యంత్రపు గుడ్డకి ముద్ర అయ్యింది.

మా ఊరి కార్ఖానా

ఇదంతా పుస్తకాల్లోంచి తెలుసుకున్నాననుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీ అనే మాటకి ఆ పాత అర్థం నాకు ఆరేడేళ్ళ వయసులోనే తెలుసు, తెలుసని తెలియలేదంతే.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మా అమ్మమ్మ, చిన్నమ్మ, ఆ వాడకట్టులో సగానికి పైగా ఆడవాళ్ళు బీడీలు చేసేవాళ్ళు. తునికాకుని తడిపి గోనెసంచిలో చుట్టి రాత్రంతా ఉంచేవాళ్ళు, పొద్దున్నే రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు. ఆకులో చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, బొటనవేలి గోటితో మూతి మలిచి, దారం రెండు చుట్లు చుట్టి తెంపడం. అమ్మమ్మ చూపు మా మీదో టీవీ మీదో ఉండేది గానీ వేళ్ళు మాత్రం ఆగేవి కావు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. వెయ్యికింత అని కూలి.

సాయంత్రం చెక్కబుట్టలో కట్టలు పేర్చుకుని "కార్ఖానకు పోయొస్త" అని బయల్దేరేది. నేనూ వెంటపడేవాణ్ణి. కార్ఖానా అంటే ఊరి నడుమ రెండు గదుల పెంకుటిల్లు, ముందు అరుగు. అరుగు మీద కాంటా, ఆకు మూటలు, ఒక పెద్ద రిజిస్టరు. టేకేదారు (గుత్తేదారు) పక్కన ఇంకొకాయన కూర్చుని కట్టలు చూసేవాడు. ఒక కట్ట తీసి వేళ్ళ మధ్య దొర్లించి, రెండు బీడీలు లాగి వెలుతురుకి పెట్టి, మూతి సరిగ్గా మలవలేదనో పలచగా ఉందనో పక్కనున్న డబ్బాలో పడేసేవాడు. అలా పడేసినవాటికి కూలి లేదు, వెనక్కీ ఇవ్వరు. ఒక్కోరోజు డబ్బాలో పడ్డవి వంద దాటేవి. అమ్మమ్మ ఏమీ అనేది కాదు, పెదాలు బిగించుకుని, మర్నాటికి ఆకూ తంబాకూ తూకం వేయించుకుని వచ్చేసేది.

ఒకసారి దారిలో అడిగాను, "అమ్మమ్మా, కార్ఖానల బీడీలు ఎవలు చేస్తరు?"

"అండ్ల ఎవలు చెయ్యరు బిడ్డా. మనం చేసింది చూస్తరు."

మచిలీపట్నం ఫ్యాక్టరీ గురించి ఎన్నో వ్యాసాలు చదివాను గానీ ఇంతకన్నా కచ్చితమైన నిర్వచనం నాకు దొరకలేదు. సరుకు అరుగు మీద నుంచి వస్తుంది, పని ఇళ్ళల్లో జరుగుతుంది, చూపు, తూకం, తోసేసే హక్కు అరుగు మీద ఉంటాయి. నాలుగు వందల ఏళ్ళ తేడా, గుడ్డకి బదులు బీడీ, అంతే.

మాన్యుఫ్యాక్టరీలో ఉన్న చెయ్యి

ఇప్పుడు నన్ను ఆపేసిన మాట. లాటిన్‌లో 'మాను' అంటే చేతితో, 'ఫాక్టుం' అంటే చేయబడినది. రెండూ కలిసి మాన్యుఫ్యాక్చర్, అది జరిగే చోటు మాన్యుఫ్యాక్టరీ. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్యాక్టరీకి గుమాస్తా ఉండే ఇల్లన్న అర్థం బలంగా ఉన్న రోజుల్లో, నిజంగా వస్తువులు చేసే చోటుకి పనికొచ్చిన పేరు ఇది. చేతిపని తెలిసినవాళ్ళు పదులూ వందల మంది ఒకే కప్పు కింద, పనిని ముక్కలుగా పంచుకుని చేసేచోటు.

నా పుస్తకంలో ఉన్నది బర్మింగ్‌హామ్ దగ్గర సోహో మాన్యుఫ్యాక్టరీ. మాథ్యూ బోల్టన్ కట్టించాడు, ప్రధాన భవనం 1766లో పూర్తయింది. గుండీలు, బూటు బకిల్స్, వెండి పూత సామాన్లు, గడియారాల అలంకరణలు. నీటి చక్రం ఉండేది గానీ ఆ సామాన్లకి అందం తెచ్చింది చేతులే. పోత పోసేవాళ్ళు, చెక్కేవాళ్ళు, మెరుగుపెట్టేవాళ్ళు. 1776లో చూడ్డానికి వెళ్ళిన బాస్వెల్ అనే రచయిత అక్కడ సుమారు ఏడు వందల మంది పని చేస్తున్నారని రాశాడు. దాదాపు అదే సమయంలో, 1771లో, ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్‌లో నీటితో నడిచే నూలు యంత్రాలు పెట్టాడు. జనం దాన్ని మిల్లు అన్నారు, నీటి చక్రం తిరిగే పిండి మరని అదే పేరుతో పిలిచేవాళ్ళు కాబట్టి. మా వైపు పిండి పట్టించేదాన్ని గిర్ని అంటాం. మిల్లు, గిర్ని, ఈ పేర్లలో చెయ్యి లేదు.

మూడు మాటలు, మూడు రకాల చోట్లు. ఒకటి గుమాస్తా ఇల్లు, ఒకటి చేతులు పోగైన చోటు, ఒకటి చక్రం తిరిగే చోటు. ఆ తర్వాత ఏమైందంటే, ఫ్యాక్టరీ మిగతా రెండింటినీ మింగేసింది. తయారుచేసే చోటు అన్న అర్థం ఆ మాటకి పదిహేడో శతాబ్దం నుంచీ పక్కన అంటుకునే ఉంది. యంత్రాలు పెరిగేకొద్దీ అదే ముందుకొచ్చింది. 1833లో పిల్లల పనిగంటలకి హద్దు పెట్టిన చట్టాన్ని ఫ్యాక్టరీ చట్టమనే పిలిచారు. మాన్యుఫ్యాక్టరీ నెమ్మదిగా పాత దుకాణాల బోర్డుల మీదికి, అక్కడి నుంచి నిఘంటువుల్లో 'పాతబడినది' అన్న గుర్తులోకి వెళ్ళిపోయింది.

1835లోనే ఆండ్రూ యూర్ అనే ఆయన దీన్ని గమనించాడు. యంత్రాల పద్ధతిని మెచ్చుకుంటూ పుస్తకం రాసినవాడు. మాన్యుఫ్యాక్చర్ అన్న మాట తన అసలు అర్థానికి సరిగ్గా ఎదురు తిరిగిందని, మనిషి చెయ్యి బొత్తిగా అవసరం లేకుండా తయారయ్యేదే ఇప్పుడు అన్నిటికన్నా గొప్ప మాన్యుఫ్యాక్చర్ అని రాశాడు. ఆయన సంతోషంగా రాశాడు. చదివిన నాకు మాత్రం కడుపులో ఏదో తిప్పినట్టయింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఇంగ్లండులో చేతిమగ్గాల నేతగాళ్ళు కూలి పడిపోయి తిండికి అల్లాడుతున్నారు.

ఫ్రెంచివాళ్ళు, జర్మన్లు ఈ మాటని వదులుకోలేదు. పారిస్‌లో పద్నాలుగో లూయీ మంత్రి కొల్బేర్ రోజుల్లో 1662లో మొదలైన గోబ్లాఁ టేపెస్ట్రీల (గోడకి వేలాడదీసే బొమ్మల నేత) సంస్థ, సేవ్రు పింగాణీ సంస్థ ఇప్పటికీ మాన్యుఫాక్త్యూర్లే. 1710లో జర్మనీలో మొదలైన మైసెన్ సంస్థలో పింగాణీ మీద ఇప్పటికీ కుంచెతో చేత్తోనే పూలు వేస్తారు, దాని పేరులోనూ మానుఫక్టూర్ ఉంది. ఇంగ్లీషొక్కటే దాన్ని పారేసుకుంది, మనం అన్నీ ఇంగ్లీషు గుండానే తెచ్చుకుంటాం కాబట్టి మనకి అసలు చేరనే లేదు.

నూనె సంగతి చెప్పి నన్ను ఓడించిన మిత్రుడు

ఇదంతా ఒక మిత్రుడికి ఫోన్లో చెప్పాను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మొహమాటం లేదు. అంతా విని, "నూనె అంటే ఏంటి?" అన్నాడు. నువ్వు, నెయ్యి కలిస్తే నూనె. నువ్వుల్లోంచి తీసిన నెయ్యి. "మరి కొబ్బరినూనె అంటున్నప్పుడు నీకెప్పుడైనా నువ్వులు గుర్తొచ్చాయా? గ్యాసునూనె అన్నప్పుడు? తైలం కూడా అంతే, తిల నుంచి వచ్చింది. మాటలు పుట్టుక మర్చిపోతేనే బతుకుతాయి. నీ మాన్యుఫ్యాక్టరీలో చెయ్యి ఉందని బర్మింగ్‌హామ్‌లో గుండీలు చేసినవాడికి మాత్రం తెలుసా?"

నిజానికి ఈ దెబ్బకి నేను రెండు రోజులు లేవలేదు. పైగా వెతికితే ఇంకో సంగతి దొరికింది. చివరి కాలపు లాటిన్‌లో 'ఫాక్టోరియుం' అంటే నూనె గానుగ కూడానట. అంటే గుమాస్తా ఇల్లన్నదే ఫ్యాక్టరీకి అసలు అర్థం అని పట్టుబట్టే హక్కు కూడా నాకు లేదు. మాట లోతుకి వెళ్ళేకొద్దీ ఇంకో అంతస్తు కనబడుతుంది.

ఇంకో అనుమానం నా అంతట నాకే వచ్చింది. మాన్యుఫ్యాక్టరీ అని మురిసిపోతున్నానే, అదేమైనా స్వర్గమా? గుండుసూదుల ఉదాహరణ అందరికీ తెలుసు. ఆడమ్ స్మిత్ 1776లో రాశాడు, పది మంది పనిని పద్దెనిమిది ముక్కలుగా పంచుకుంటే రోజుకి 48,000 సూదులు చేస్తారని. అదే పుస్తకంలో ఇంకోచోట, బతుకంతా ఒకటి రెండు చిన్న పనులే చేసే మనిషి బుద్ధి మొద్దుబారిపోతుందనీ రాశాడు. సూది తలని అతికించడమే జన్మంతా పని అయినవాడికి తన పని చేత్తో చేస్తున్నందుకు గొప్పేముంటుంది? చేతిపనిని ముక్కలు చేయడంతోనే మనిషిని ముక్కలు చేయడం మొదలైందని, యంత్రం ఆ తర్వాత వచ్చి ఆ ముక్కల్ని అందుకుందని మార్క్స్ వాదన. అమ్మమ్మ బొటనవేలి గోరు బీడీ మూతులు మలిచి మలిచి అరిగి, పక్కకి ఒరిగిపోయి ఉండేది. ఆ గోరు చూసినవాణ్ణి నేను చేతిపని మీద పద్యాలు రాయలేను.

మచిలీపట్నం విషయంలోనూ కొంత దిద్దుకోవాలి. ఆ మకాముల్లో ఏ పనీ జరగలేదనడం అతి. గుడ్డలు ఉతికించడం, మడతలు పెట్టడం, మూటలు కట్టడం, వీటన్నిటికీ కూలి మనుషులు ఉండేవాళ్ళు. వాళ్ళ చేతులూ చేతులే.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. నువ్వుల్ని మర్చిపోయినందువల్ల కొబ్బరికి నష్టం లేదు, నువ్వులకీ లేదు. చేతిని మర్చిపోతే మాత్రం నష్టపోయేవాళ్ళు ఉన్నారు, ఆ నష్టం చట్టాల్లో కనబడుతుంది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో అయితే పది మంది, కరెంటు లేకుండా అయితే ఇరవై మంది పనిచేసే ఆవరణని ఫ్యాక్టరీ అంది. నీళ్ళు పంపు చేయడం కూడా ఆ చట్టంలో తయారీ కిందికే వచ్చేది. ఇంటి వసారాలో ఒక్కతే కూర్చుని రోజుకి వెయ్యి బీడీలు చేసే మనిషి ఆ లెక్కలోకి రాలేదు. బీడీ కార్మికులకి 1966లో వేరే చట్టం చేసి, ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళని కూడా కార్మికులని రాయాల్సి వచ్చింది. రాయకపోతే వాళ్ళు ఎవరికీ కనబడరు కాబట్టి. ఇక 1985 చేనేత రిజర్వేషన్ చట్టం చూడండి. చేమగ్గం అంటే ఏమిటని అందులో నిర్వచనం ఇచ్చారు: మరమగ్గం కానిది ఏదైనా. ఆ ఒక్క వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో. వేల ఏళ్ళ నుంచి ఉన్నదాన్ని, నిన్న వచ్చినది కానిది అని చెప్పుకోవలసి వచ్చింది.

మిత్రుడికి ఇదే చెప్పాను. "అది చట్టం లోపం, మాట లోపం కాదు" అన్నాడు. కావచ్చు. చట్టం కూడా మాటలతోనే రాస్తారు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఒప్పించలేకపోయాను.

తెలుగులో ఏమనాలి

మన దగ్గర మాటలకి కొరత లేదు. కార్ఖానా పారశీకం నుంచి వచ్చినా ఎప్పుడో మనదైపోయింది. కార్ అంటే పని, ఖానా ఇల్లు, దవాఖానాలో ఉన్న ఖానాయే. సికింద్రాబాద్‌లో ఒక పేట పేరే కార్ఖానా. మొఘలుల కార్ఖానాల్లో జరీ పనివాళ్ళు, కంసాలులు, చిత్రకారులు గదులు గదులుగా కూర్చుని పనిచేసేవాళ్ళని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. అంటే మాన్యుఫ్యాక్టరీకి అతి దగ్గరగా వచ్చేది ఇదే. కర్మాగారం దీనికి సంస్కృతం తొడుగు, కర్మ అంటే పని, ఆగారం అంటే ఇల్లు. అర్థం ఒకటే గానీ కర్మాగారంలో పెద్ద యంత్రాల చప్పుడు స్థిరపడిపోయింది, స్టీలు కర్మాగారం, ఎరువుల కర్మాగారం. అదీకాక మామూలు మాటల్లో కర్మ అంటే నుదుటి రాతే.

పోతే, మన భాషలో చేతికి ఉన్న చోటు చూడండి. చేయి అంటే హస్తం, 'చేయు' అంటే క్రియ. భాషాశాస్త్రం ఈ రెండింటినీ వేర్వేరు ధాతువుల కింద రాస్తుంది, చెవికి మాత్రం ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. చేత అంటే పని, చేతలు. 'అతనిచేత చేయించాను' అనడంలో ఉన్న చేత మాత్రం చేయి నుంచి వచ్చిందే, వ్యాకరణంలోకి వెళ్ళి విభక్తి అయ్యింది. ఎవరు చేశారో చెప్పాలంటే తెలుగులో చెయ్యి ఎత్తి చూపించాల్సిందే. లాటిన్‌వాళ్ళు రెండు ముక్కలు అతికించి మాన్యుఫ్యాక్చర్ అన్నదాన్ని మనం 'చేత' అని ఊపిరి తీసినంత తేలికగా అంటాం. చేనేత అన్న మాటలో చెయ్యి ఇప్పటికీ బతికే ఉంది.

అందుకని కుంపిణీ వాళ్ళ ఫ్యాక్టరీకి నేను 'వర్తకపు కోఠీ' అని పెట్టాను. 'వర్తక స్థావరం' అని కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, అదీ మంచిదే. ఏడో తరగతి పిల్లాడు దాని మీద పొగగొట్టం పెట్టడు. మిల్లు మిల్లే. మాన్యుఫ్యాక్టరీకి మొదట 'చేపనిశాల' అనుకున్నాను, చెవికి బాగానే ఉంది గానీ ఎవరూ ఎప్పుడూ అనని మాట, పెద్దగా చదివితే చేపల శాలలాగా వినబడుతోందని మా అక్క అంది. 'హస్తకళా కేంద్రం' అంటే ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో స్టాల్ గుర్తొస్తుంది. 'చేతిపనుల కార్ఖానా' అని రాసి, చెరిపి, మళ్ళీ రాశాను.

చివరికి చిన్నమ్మకి ఫోన్ చేశాను. ఆమె ఇప్పటికీ బీడీలు చేస్తోంది, మునుపటి అంత కాదు, కళ్ళు ఆనడం లేదు.

"చిన్నమ్మా, ఐదారు వందల మంది ఒక్కకాడ కూసుండి చేతులతోని గుండీలు చేస్తరనుకో. దాన్ని ఏమంటవ్?"

"కార్ఖాన అంట."

"మరి నువ్వు బీడీలు అప్పజెప్పేది?"

"అదీ కార్ఖాననే." కాసేపు ఆగింది. వెనకాల కత్తెర చప్పుడు వినబడుతోంది. "గిది చూసే కార్ఖాన. నువ్వనేది చేసే కార్ఖాన."

అదే రాశాను. సోహో మాన్యుఫ్యాక్టరీ మొదటిసారి వచ్చినచోట 'బోల్టన్ చేతిపనుల కార్ఖానా' అని పెట్టి, కింద ఒక్క వాక్యంలో తేడా చెప్పాను. ప్రచురించేవాళ్ళు దాన్ని ఉంచుతారో కర్మాగారం చేస్తారో ఇంకా తెలియదు. ఫోన్ పెట్టేసే ముందు చిన్నమ్మ, "ఆ గుండీలు చేసెటోళ్ళకు వెయ్యికెంత ఇచ్చిండ్రట?" అని అడిగింది. పుస్తకం మళ్ళీ తిరగేశాను. ఆ అధ్యాయంలో భవనం పొడవు, కిటికీలు, చూడ్డానికి వచ్చిన దొరల పేర్లు ఉన్నాయి. కూలి సంగతి లేదు.